మా భిక్షపతి తాత, మూడో వరుస

సముద్రాల అవతల లైనక్స్ కెర్నెల్ రాసేవాళ్లు కొన్ని వేలమంది ఉన్నారట. వాళ్లందరినీ ఒక పెద్ద త్రాసు తెచ్చి ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో మా భిక్షపతి తాతను ఒక్కడినే కూర్చోబెడితే, ఆ వేలమందీ కాళ్లాడించుకుంటూ గాల్లోకి లేస్తారు. ఆయన ఒక పూట మంచం దిగకపోతే ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నళ్లకు ఏ దీపం ముందు వెలగాలో తోచదు. ఈ మాటలు తాత తన నోటితో ఎన్నడూ అనలేదు. ఆయన అనేవి ఇంతకన్నా కొంచెం పెద్దవిగా ఉంటాయి.

వడ్ల భిక్షపతి నల్లగొండ పక్క పల్లె నుంచి ఉలుల సంచితో వచ్చి మలక్‌పేటలో మంచం కోళ్లు చెక్కుతూ బతుకు మొదలుపెట్టాడు. తర్వాత సింహద్వారాలకు ఎక్కాడు. ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు పొడుగునా ఇళ్లు లేచిన కాలంలో, ఆ ఇళ్ల గడపల మీద లతలు, హంసలు, గజలక్ష్ములు చాలావరకు ఆయన చేతి కిందనుంచి వచ్చినవే. పెళ్లాం తిరుపతమ్మకు చీర కొంటే రంగు చూడకుండా అంచు మీద లత వంపు చూసి, ఇది చెక్కినవాడెవడో తాగి చెక్కాడు అనేవాడు.

అంతలో చెక్కే మిషన్లు వచ్చాయి. పదిహేను రోజుల తలుపు ఒక్క రోజులో తయారవుతుంటే చేతిపనివాళ్లు నెత్తీనోరూ కొట్టుకున్నారు. భిక్షపతి మాత్రం తుర్కయంజాల్‌లో ఒకరి షెడ్డుకు పోయి, చేతులు వెనక్కు కట్టుకుని, మిషన్ నెమలిని చెక్కుతుంటే తల నుంచి తోక దాకా నిలబడి చూశాడు. ఇంటికొచ్చి కొడుకు మహేందర్‌తో అన్నది ఒకటే: అది నాకన్నా బాగా చెక్కుతున్నది, కాబట్టి దాన్ని నేనే నడపాలి.

మహేందర్ తమ షాపుకు సెకండ్ హ్యాండులో ఒక మిషన్ తెచ్చాడు. దాన్ని నడిపే కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్. బిగించడానికి వచ్చిన విజయవాడ కుర్రవాడు చాయ్ తాగి, దీన్ని అప్‌డేట్ చెయ్యకండి బాబాయ్, కెర్నెల్ జోలికి అస్సలు పోకండి అని చెప్పి వెళ్లాడు. తర్వాత ఫోన్ నంబరు మార్చుకున్నాడు. ముట్టవద్దన్నది ముట్టకుండా ఉండటం భిక్షపతి జాతకంలో లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సుల సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. మనవల వయసు పిల్లల మధ్య, మోకాళ్లు బెంచీ కింద పట్టక, కాళ్లు నడవలోకి చాపుకుని కూర్చుని, కెర్నెల్ అంటే ఏంది సార్ అని అడిగాడు. అది ఇంటర్వ్యూలో అడగరు అన్నాడు సారు. మరునాటి నుంచి పోలేదు. ఆ తర్వాత కంప్యూటర్‌ను తానే చంపి తానే బతికించి నేర్చుకున్నాడు. అది ఎన్నిసార్లు చచ్చిందో దానికీ ఆయనకీ మాత్రమే తెలుసు. చచ్చిన ప్రతిసారీ తప్పు మహేందర్‌దే.

అలా నేర్చుకున్న కెర్నెల్‌ను ఆయన పెళ్లి భోజనాలతో చెప్పేవాడు. బంతి వేసి ఉంటుంది. తినేవాళ్లు వందమంది, విస్తళ్లు ఇరవై. ఎవరిని ఎప్పుడు కూర్చోబెట్టాలో, ఎవరిని లేపాలో చూసే పెద్దమనిషి ఒకడుంటాడు కదా, వాడే కెర్నెల్. కంప్యూటర్‌లో పాట, బొమ్మ, గడియారం, మిషన్ మోటరు, అన్నీ ఆకలిగొన్న చుట్టాలే. మామూలు కెర్నెల్ మర్యాదస్తుడు. అందరికీ తలా కాస్త, ఎవరినీ నొప్పించడు. కానీ మోటరు ఉత్త చుట్టం కాదు, వియ్యంకుడు. వచ్చిన క్షణాన విస్తరి వేయకపోతే అలుగుతాడు. రెప్పపాటులో వెయ్యోవంతు ఆలస్యమైనా ఒక అడుగు వేయడం మానేస్తాడు. మానేసినట్టు ఎవరికీ చెప్పడు. చెక్క మీద ఆ వెంట్రుకంత తేడా అలాగే ఉండిపోతుంది, దాని మీద ఇంకొకటి చేరుతుంది. అందుకని మిషన్‌కు వేరే కెర్నెల్ కావాలి. వియ్యంకుడు గుమ్మంలో కనపడగానే, నోట్లో ముద్ద ఉన్నా సరే, ఎవరినైనా జబ్బ పట్టి లేపి చోటు చేసే మొరటోడు. దాని పేరు రియల్‌టైమ్. భిక్షపతి దాన్ని "మనోడు" అనేవాడు.

మర్యాదస్తుడైన ఆ మామూలు కెర్నెల్ పేరు చివర జనరిక్ అని ఉంటుంది. ఆ మాట దొరికిన రోజే మహేందర్‌కు కష్టకాలం మొదలైంది. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, షాపు తరఫున సంతకం పెట్టేవాడు. గిరాకీ ముందు, లారీ డ్రైవర్ ముందు, చాయ్ తెచ్చేవాడి ముందు తండ్రి అతన్ని "జనరిక్‌గాడు" అని పిలిచేవాడు. ఒకసారి బావమరిది ఇంట్లో పిల్ల చెవులు కుట్టించే దావతులో, విస్తట్లో మాంసం వడ్డిస్తున్న కొడుకును చూపిస్తూ అందరికీ వినపడేలా చెప్పాడు.

"వీడు జనరిక్‌గాడు. అందరికి మంచిగ గనవడుతడు, ఒక్కనికి అక్కరకు రాడు."

అందరూ నవ్వారు. మహేందర్ కూడా నవ్వి, గిన్నె పట్టుకుని తర్వాతి విస్తరి దగ్గరికి పోయాడు. భిక్షపతి కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆ కొడుక్కు ఎన్నడూ చెప్పలేదు. బాత్రూముకు పోయినా స్క్రీన్‌కు తాళం వేసి పోయేవాడు.

ఇలా ఉండగా డిజైన్లు ఫోన్ల మీద రావడం ఎక్కువైంది. పెన్ డ్రైవ్‌తో ఇంటర్‌నెట్ సెంటర్‌కు తిరగలేక మహేందర్ ఒక వైఫై పరికరం తెచ్చాడు. మనోడు పాతకాలపు మనిషి, ఆ పరికరాన్ని గుర్తుపట్టడు. దాన్ని గుర్తుపట్టే జనరిక్ కెర్నెల్‌ను కూడా భిక్షపతి సణుక్కుంటూ పక్కన ఎక్కించాడు. ఇక ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు. డిజైన్ దించుకోవాలంటే జనరిక్‌తో లేపాలి, చెక్కాలంటే మనోడితో లేపాలి. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద పేర్లు వరుసగా వస్తాయి. మొదటి వరుస జనరిక్. దాని కింద, కష్టకాలంలో పనికొచ్చే దాని తోక వరుస. మూడోది మనోడు. కిందికి బాణం రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టాలి. కాసేపు ఏమీ నొక్కకపోతే మొదటిదే లేస్తుంది.

మనోడినే ముందు వరుసలో పెడితే గొడవే ఉండదు కదా, ఎవరు స్విచ్ వేసినా సరిగ్గా లేస్తుంది కదా అని మహేందర్ ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. ఒక ఫైల్లో ఒక్క మాట మార్చితే అయ్యే పని. భిక్షపతికి ఆ సంగతి తెలుసు.

"ఎవడు వడితే వాడు లేపెతందుకు ఇదేమన్న ఆటోనా? నేను నొక్కితేనే లేస్తది. నేనున్నన్ని రోజులు గంతే."

అసలు సంగతి ఆ రెండు నొక్కుళ్లలోనే ఉంది. ఉలి పోయాక ఆ మనిషికి మిగిలిన పనితనం అంతా ఆ బాణం గుర్తు మీదే కూర్చుంది.

మహేందర్ చివరికి గట్టిపడ్డాడు. ఈ కంప్యూటర్ తతంగమే లేకుండా, చేతిలో పట్టుకుని నాలుగు మీటలతో నడిపే కంట్రోలర్ దొరుకుతుంది, అది తెస్తానన్నాడు. అది వస్తే కంప్యూటర్ పాత సామాన్లవాడికి, భిక్షపతి ఇంటికి. తిరుపతమ్మ మధ్యలో పడి ఒక ఒప్పందం కుదిర్చింది. మీర్‌పేట్ స్వర్ణలత ఇంటి సింహద్వారం ఈ కంప్యూటర్ మీదే చెక్కాలి. అది మచ్చ లేకుండా వస్తే కంప్యూటర్ ఉంటుంది, ముసలాయన కుర్చీ ఉంటుంది. తేడా వస్తే రెండూ పోతాయి.

స్వర్ణలత వాళ్లది ఒకప్పుడు మీర్‌పేట్ ఊరంతా పొలాలున్న కుటుంబం, ఇప్పుడు ఊరంతా ఫ్లాట్లున్న కుటుంబం. ఆమె తెచ్చిన టేకు పలక పాత మేడ దూలం కోయించినది. అతుకు లేదు, ముడి లేదు. రెండు ఏనుగులు అటూ ఇటూ నిలబడి తొండాలతో నీళ్లు పోస్తుంటే మధ్యలో గజలక్ష్మి, చుట్టూ లత. గృహప్రవేశం దసరా వెళ్లిన వారానికే.

దసరాకు ఆయుధాలు కడిగి పూజ చేస్తారు. ఉలులు కడుగుతారు, రంపాలు కడుగుతారు, మహేందర్ బండి కడుగుతాడు. కంప్యూటర్‌ను నీళ్లతో కడగలేరు కాబట్టి అప్‌డేట్‌తో కడగాలని భిక్షపతి పెట్టుకున్న ఆచారం. లోకంలో ఇంకెవరికైనా ఉందేమో తెలియదు. ఏటా ఫోన్‌కు తీగ తగిలించి కడిగేవాడు, అప్పుడు ఉన్నది మనోడొక్కడే కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి జనరిక్‌తో లేపి, వైఫై కలిపి, కమాండ్ కొట్టి, నశ్యం పీలుస్తూ కూర్చున్నాడు. తెర మీద వరుసలు వాగులా పారాయి. వాటిలో జనరిక్‌కు కొత్త రూపం ఒకటి దిగింది. ఆయన చూశాడు కూడా. కొత్త కోడలు వచ్చిందే అని తిరుపతమ్మతో పరాచికమాడి, స్విచ్ తీసేశాడు.

కొత్త కెర్నెల్ వస్తే పాతది పోదు, ఒక మెట్టు కిందికి దిగుతుంది. కొత్తదీ దాని తోకా పైన కూర్చున్నాయి, పాత జనరిక్ దాని తోకతో కిందికి జరిగింది, మనోడు వాటన్నిటి కింద ఐదో వరుసకు పోయాడు. మూడో వరుసలో ఇప్పుడున్నది పాత జనరిక్. ఇది తెర చూస్తే ఐదేళ్ల పిల్లకైనా తెలుస్తుంది.

తెరకు దండ వేశారు.

పండుగనాడు తిరుపతమ్మ మానిటర్‌కు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మూర లెక్క చూడకుండా లావుపాటి బంతిపూల దండ అడ్డంగా, దాని మీద ఇంకొకటి నిలువుగా వేసింది. కీబోర్డుకూ బొట్లు పెట్టింది. దండ వాడి తనంతట తాను రాలిపోయే దాకా ఎవరూ ముట్టకూడదు. ఆ నియమం భిక్షపతిదే. ఉలుల కాలం నుంచీ ఉంది.

మరునాడు పొద్దున పనులు మొదలు. స్వర్ణలత తన తలుపు మీద మొదటి గాటు పడటం చూడాలని వచ్చింది. రాహుకాలం దగ్గర పడుతోంది. భిక్షపతి కొబ్బరికాయ కొట్టి, స్విచ్ వేసి, బంతిపూల కేసి చూస్తూ కిందికి బాణం రెండుసార్లు నొక్కాడు. చూడాల్సిన అవసరమేముంది, వేళ్లకు తెలుసు కదా.

లేచాక ఏ కెర్నెల్ నడుస్తున్నదో అడిగే చిన్న కమాండ్ ఒకటి ఉంది. అది కొట్టి పేరు చదవకుండా ఆయన ఏనాడూ మిషన్‌ను ముట్టలేదు. ఆ రోజు పేరు వచ్చే చోట పూలున్నాయి, పక్కన స్వర్ణలత ఉంది. మహేందర్ ముందుకొచ్చి మెల్లగా అన్నాడు.

"నాయినా, ఏది లేసిందో ఒక్కసారి సూడరాదు."

భిక్షపతి కుర్చీ తిప్పాడు.

"నలభై ఏండ్లొచ్చినయ్, ఒక్క హంసకు మెడ పెట్ట చేతగాదు నీకు. నువ్వు నాకు చెప్తున్నవా? ఆ నోరు జర మూస్కోని నిలవడు. దండ మీద చెయ్యి వడ్డదో, చెయ్యి ఇరుస్త."

స్వర్ణలత ఫోన్ చూసుకుంటున్నట్టు నటించింది. మహేందర్ వెనక్కు జరిగి గోడకు ఆనుకున్నాడు.

మిషన్‌కు ఉలిలాంటి బిట్టు చెక్క మీదికి దిగింది. ఎర్రటి పొడి లేచింది. జనరిక్‌తో లేచినప్పుడు మిషన్ ప్రోగ్రాం నడవదని కాదు, నడుస్తుంది. మొదటి ఆలస్యం తగలగానే తెర కింది మూలలో ఒక చిన్న పెట్టె తెరిచి, అనుకోని జాప్యం జరిగింది అని ఒకే ఒక్కసారి చెబుతుంది. తర్వాత చెప్పదు. ఆ మూలన దండ మందంగా ఉంది. కుర్చీలో కూర్చున్నవాడికి పూలే కనపడతాయి. పక్క గోడకు ఆనుకుని నిలబడ్డవాడికి మాత్రం, తెరకూ దండకూ నడుమ ఉన్న సందులోంచి ఆ పెట్టె ఎర్రటి అంచు కనపడుతుంది.

మహేందర్‌కు కనపడింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

భిక్షపతి మిషన్‌కు వీపు పెట్టి కూర్చుని స్వర్ణలతకు బంతి భోజనాల కథ ఎత్తుకున్నాడు. పెద్దమనిషి, విస్తళ్లు, వియ్యంకుడి అలక, మనోడి మొరటుతనం. ఆమె ఆవలింతను కొంగు చాటున దాచుకుంటూ వింటోంది. వెనక మోటరు గొంతు మారింది. సాఫీగా పాడేది మధ్యమధ్య గుటక మింగుతోంది. బయట లారీ దింపుతున్నవాళ్లు కూడా తలతిప్పి చూశారు. ముసలాయనకు వినపడలేదు. ఏళ్ల తరబడి సుత్తి దెబ్బలు, ఆపైన మిషన్ రొద, ఆయన చెవులు ఎప్పుడో సగం పోయాయి. మోటరు జలుబు చేసినా నా చెవికి తెలుస్తదని చెప్పుకునే మనిషికి ఆ మాట ఎవరు చెబుతారు? ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

పొద్దు తిరిగేసరికి బిట్టు ఆగింది. పొడి ఊదారు. ఎడమ ఏనుగు బాగుంది, మొదట చెక్కింది కాబట్టి. లక్ష్మీదేవి దగ్గరికి వచ్చేసరికి మోటుగా చెక్కే మొదటి చుట్టు ఒకచోట, నగిషీ చెక్కే రెండో చుట్టు ఇంకొకచోట పడ్డాయి. ముక్కు చెంప మీదికి జరిగింది. ఒక కన్ను ముఖం మీద ఉంది, రెండోది కిరీటం అంచున ఉంది. కుడి ఏనుగు తొండం దేవత తల దాటిపోయింది.

స్వర్ణలత ఆ తొండం మీద వేలు పెట్టింది.

"భిక్షపతి చారీ, ఈ ఏనుగు నీళ్లు దేవత మీద పోస్తలేదు. పక్కింటోళ్ల మీద పోస్తున్నది."

అంతే అని కారెక్కింది. అంత చెడ్డ శకునాన్ని గుమ్మానికి పెట్టుకునే మనిషి కాదు కాబట్టి పలకను కూడా తీసుకుపోలేదు. వేరేచోట తలుపు చేయించుకుంది.

అప్పుడు భిక్షపతి దండ తెంపాడు. తన నియమం తానే తెంపి, పసుపు తుడిచి, కమాండ్ కొట్టి, పేరు చివర ఉన్న మాట చదివాడు. కింది మూలన పెట్టె ఇంకా అక్కడే ఉంది, పొద్దుటి వేళ చూపిస్తూ. గోడ దగ్గర నిలబడ్డ కొడుకును చూశాడు. గోడనూ, తెరనూ, మధ్యనున్న సందునూ కొలిచాడు. కొలతలు తప్పే కన్ను కాదు అది. చూసినవ్ గదరా అని అరిచాడు.

మహేందర్ గొంతు పెంచలేదు.

"చూసిన. దండ ముట్టొద్దన్నవ్, ముట్టలే. నోరు మూస్కొమ్మన్నవ్, మూస్కున్న. ఒక్కనికి అక్కరకు రానంటివి గద నాయినా, రాలే."

లోడు దింపేవాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని వింటున్నారు. దావతులో నవ్వినట్టే ఒకడు నవ్వాడు కూడా.

కంట్రోలర్ ఆ వారమే వచ్చింది. దాని మీద మొదటి పని ఏమిటంటే, చెడిపోయిన ఆ టేకు పలకను బోర్లా తిప్పి, వెనక వైపున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు బోర్డు చెక్కడం. సూర్యప్రభ లేడీస్ హాస్టల్. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఒక్క వంపు తప్పలేదు. దానికి గరుకు కాగితం పట్టే పని భిక్షపతికి పడింది. మహేందర్ చెప్పలేదు, కాగితం తెచ్చి ముందు పెట్టి పోయాడు. ముసలాయన బోర్డును ఒళ్లో ఆనించుకుని ప్రతి అక్షరాన్నీ నునుపు చేశాడు. ఇప్పుడు ఆ బోర్డు మెట్రో దిగి హాస్టళ్ల సందులోకి పోయేవాళ్లకు కనపడుతుంది. గోడ వైపున చెంప మీద ముక్కుతో లక్ష్మీదేవి, పక్కింటివాళ్ల మీద నీళ్లు పోసే ఏనుగు ఉన్నాయని అక్కడి పిల్లలకు తెలియదు.

పాత సామాన్లవాడు వచ్చిన రోజున భిక్షపతి కంప్యూటర్‌ను ఆటోలో పెట్టుకుని తన ఇంటికి తెచ్చుకున్నాడు. మంచం కింద పెట్టాడు. రోజూ లేపుతాడు. కొత్తవి ఏమొచ్చాయో చూస్తాడు, కావలసినవి ఎక్కిస్తాడు, మనోడిని ముట్టడు. ఆలస్యం కొలిచే పరీక్ష ఒకటి పెట్టి, పక్కన బతుకమ్మ పాటల వీడియో నడిపి, కిటికీలు అటూ ఇటూ లాగి, ఎంత సతాయించినా అంకె పెరగకపోతే మురిసిపోతాడు. ఇప్పుడు అది ముందెన్నడూ లేనంత పక్కాగా ఉంది. వియ్యంకుడు గుమ్మంలోకి రావడమే తరువాయి, ఎవరినైనా లేపి విస్తరి వేస్తుంది. మోటరు లేదు, మిషన్ లేదు. మొరటోడు ఖాళీ పందిట్లో జబ్బలు చరుచుకుంటూ తిరుగుతున్నాడు.

ఒకటి మాత్రం మార్చాడు. ఆ ఫైల్లో ఒక్క మాట మార్చి మనోడిని మొదటి వరుసలో పెట్టాడు. ఇప్పుడు తిరుపతమ్మ ఊడుస్తూ ఊడుస్తూ కాలి బొటనవేలితో స్విచ్ నొక్కినా సరిగ్గానే లేస్తుంది. కంప్యూటర్ పైన ఆమె పప్పుల డబ్బా పెట్టుకుంది.

వేరుగా కాపురముంటున్న మహేందర్ నెల నెలా వచ్చి తల్లిని చూసి పోతాడు. తండ్రి ఇప్పుడు అతన్ని పేరు పెట్టే పిలుస్తాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా తిరుపతమ్మ, తిట్టినా బాగుండు అంటుంది.

ఇదంతా కాగితం మీద పెట్టిన మనవడు, ఇంటర్ రెండుసార్లు తప్పి ఇంట్లో ఈగలు తోలుతున్నవాడు, మొదటి నుంచి గట్టిగా చదివి వినిపించాడు. త్రాసు దగ్గర తాత తల ఊపాడు. ఏనుగు దగ్గర మీసం తడుముకున్నాడు. అంతా అయ్యాక మంచం కిందికి వంగి, కంప్యూటర్ మీద దుమ్ము తుడిచి, లేవకుండానే అన్నాడు.

"మంచిగనే రాసినవ్ గని, ఒక అబద్ధం రాసినవ్. నాకు ఇనవడలేదని రాసినవ్ సూడు, గది. మోటర్ మొత్తుకునుడు నాకు మొదట్నే ఇనవడ్డది. ఆపితే మహేందర్ చెప్పిన మాట నిజమైతదని ఆపలే. అది కొట్టేసి ఇది రాయి, రాసి అవతలికి వో."